హాకర్ సెంటర్లో బర్గర్ తినబోయే ముందు

ఒరేయ్ శీనూ,

సింగపూర్ వచ్చాక మీ నలుగురూ హాకర్ సెంటర్లో, అంటే ఒకే కప్పు కింద బోలెడు చిన్న తిండి స్టాళ్లుండే చోట, బర్గర్లు తిందామనుకుంటున్నారని తెలిసి భలే సంతోషం వేసింది. మాల్లో తినేకంటే అదే మంచి పని. రెస్టారెంట్లో బిల్లు మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆపైన 9 శాతం జీఎస్టీ పడతాయి. హాకర్ స్టాల్లో మామూలుగా బోర్డు మీద రాసిందే ధర.

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. నలుగురికీ నాలుగు ఒకేసారి ఆర్డర్ చెయ్యకండి. స్టాల్లో పెనం చిన్నది. దాని మీద చల్లని ఖీమా ముద్దలు ఒక్కసారిగా పడితే వేడి దిగిపోతుంది. మాంసం కాలడం మానేసి, తనలోంచి వచ్చిన నీళ్లలోనే ఉడుకుతుంది. అంచులు గోధుమరంగుకి తిరగవు, బూడిదరంగులో మెత్తగా ఉండిపోతాయి. రెండు చెప్పి, సగానికి కోయించుకుని తినండి. అవి అయ్యాక ఇంకో రకం రెండు చెప్పండి. అందరూ అన్నీ రుచి చూసినట్టూ ఉంటుంది, ప్రతిదీ వేడిగా నోట్లోకి వెళ్తుంది.

ఇప్పుడు ఎక్కువగా దొరికేది స్మాష్ బర్గర్. 80, 90 గ్రాముల ముద్దని బాగా కాలిన పెనం మీద వేసి, మొదటి అరనిమిషంలోనే పల్చగా అదిమేస్తారు. ఆ తర్వాత అదిమితే అప్పటికే కరిగిన కొవ్వంతా కారిపోయి ముక్క పీచులా తయారవుతుంది. మాంసంలో 20 శాతం దాకా కొవ్వుండాలి, ఉప్పు పెనం మీదకి వచ్చాకే చల్లాలి. ముందే కలిపి పిసికితే సాసేజిలా సాగుతుంది. నువ్వు చూడాల్సింది తిప్పేటప్పుడు. అట్లకాడని దాదాపు పడుకోబెట్టి, పెనానికి అంటుకున్న ఆ మాడు పొరతో సహా గీరి తీస్తున్నారంటే అక్కడ ధైర్యంగా నిలబడు. రుచంతా ఆ పొరలోనే ఉంది.

రెండోది రామ్లీ తరహా బర్గర్, మలేసియా నుంచి వచ్చిన పద్ధతి. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం, అంత అందంగా చేస్తారు. పెనం మీద మార్జరిన్ వేసి బన్ను కాలుస్తారు. మాంసం ముక్క వేగాక మధ్యలోకి అడ్డంగా కోసి, పూర్తిగా విడిపోకుండా పుస్తకంలా తెరిచి, లోపలి వైపు కూడా కాల్చి మిరియాల పొడి, సాస్ వేస్తారు. పక్కనే గుడ్డు కొట్టి పచ్చసొన చిదిపి పల్చగా పరుస్తారు. గుడ్డు పైభాగం ఇంకా తడిగా ఉండగానే ముక్కని మధ్యలో పెట్టి నాలుగు వైపులా మడిచేస్తారు. గుడ్డు ఆరిపోయాక మడిస్తే మడత దగ్గర చిట్లుతుంది, ముక్కకి అంటుకోదు. పైన మయొనీస్, చిల్లీ సాస్, క్యాబేజీ, ఉల్లిపాయ. రంజాన్ నెలలో వస్తే సింగపూర్లోని గేలాంగ్ సెరాయ్ బజారులో దీన్ని తప్పకుండా తినండి.

ఇది పార్సిల్ మాత్రం వద్దు. కాగితంలో చుట్టి ఉంచితే ఆవిరికి బన్ను పది నిమిషాల్లో తడిసి ముద్దవుతుంది. అక్కడే విప్పి తినేయండి.

మీలో బీఫ్ ముట్టనివాళ్ళుంటే చికెన్ దాదాపు అన్ని చోట్లా దొరుకుతుంది. కానీ చాలా స్టాళ్లలో అదే పెనం, అదే అట్లకాడ. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు ముందే అడగాలి. అక్కడ అందరూ అమ్మేవాళ్ళని అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, మొహమాటపడక్కర్లేదు. చికెన్ ఖీమా లోపల గులాబీరంగుగా కనిపిస్తే తినొద్దు, మళ్ళీ కాల్చమను. శాకాహారులకి బర్గర్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. వాళ్ళుంటే లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ మేలు, పక్క స్టాల్లో దోసె ఉంటుంది.

మధ్యాహ్నం 12 నుంచి 1:30 దాకా ఆఫీసు జనం, అటు వెళ్ళకు. పదకొండున్నరకల్లా చేరితే పెనం కాలి ఉంటుంది, వరుస ఉండదు. చాలా స్టాళ్లు వారంలో ఒకరోజు సెలవు, కాబట్టి చూసుకుని బయల్దేరు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న చోటు, జరిపి కూర్చోవద్దు. మీరూ అలాగే పెట్టుకోవచ్చు. స్టాల్లో మామూలుగా టిష్యూలు ఇవ్వరు కాబట్టి చేతులకీ అవే పనికొస్తాయి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్ళి పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి దీనికి జరిమానా ఉంది, మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. హలాల్ ట్రేల అర వేరు, మిగతావాటి అర వేరు. పక్క స్టాల్లో పంది మాంసం వంటకం తీసుకుంటే ఆ పళ్ళేలు హలాల్ అరలో పెట్టకండి, అక్కడివాళ్ళు ఈ విషయం చాలా పట్టించుకుంటారు.

తాగడానికి కోలా వద్దు, చెరుకురసం తీసుకో. నిమ్మకాయ వెయ్యమని అడుగు, మయొనీస్ జిడ్డుకి అదే విరుగుడు. ఏ సెంటర్కి వెళ్తున్నారో రాయి, దగ్గరలో ఇంకేం తినాలో చెప్తాను.

నీ
మూర్తి