మొదటి జీతం బిల్లు చూసుకున్న అమ్మాయికి

తెనాలి,
డిసెంబరు, 2025

చిరంజీవి అమ్మాయిని నాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన నవంబరు నెల జీతం కాగితం చేరింది. మీ అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, ఆ తరువాతే నా చేతికి ఇచ్చింది. బిల్లులో నలభై ఎనిమిది వేలు దాటి కనిపిస్తుంటే బ్యాంకులో అంత పడలేదేమని అడిగావు. ఉపాధ్యాయ నియామకాల మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పోటీ పడి ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా, ఎంపికైన నీకు ఆ లెక్క తెలిసి ఉండాలి కనుక వివరంగా రాస్తున్నాను.

నీ స్కేలు 32,670తో మొదలై 1,01,970 వరకు వెళుతుంది. అందులో మొదటి మెట్టే నీ బేసిక్, అంటే మూల వేతనం. దాని మీద కరువు భత్యం ఇప్పుడు 37.31 శాతం, అంటే 12,189 రూపాయలు. పల్లెలో పనిచేస్తున్నావు కనుక ఇంటి అద్దె భత్యం 10 శాతం, అంటే 3,267 రూపాయలు. మూడూ కలిపితే 48,126. కేంద్రం తన ఉద్యోగులకు ఒక శాతం పెంచినప్పుడు మన రాష్ట్రంలో 0.91 శాతం పెరుగుతుంది కాబట్టే ఆ శాతాలు అలా చుక్కలతో వస్తాయి. ఇక కోతల్లో పెద్దది సీపీఎస్, అంటే నీ వాటా కట్టే పింఛను పథకం: బేసిక్, కరువు భత్యం కలిపిన మొత్తంలో పదో వంతు, అంటే 4,486 రూపాయలు. వృత్తి పన్ను, జీవిత బీమా ప్రీమియం వంటివి దాని తరువాత వస్తాయి.

ఈ 32,670 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకో, ఎందుకంటే మన జీతమంతా అక్కడే నిర్ణయమవుతుంది. 2015 నాటి స్కేలులో ఎస్జీటీ మొదటి బేసిక్ 21,230. దానికి 2018 జూలై 1 నాటి కరువు భత్యం 30.392 శాతాన్ని, 23 శాతం ఫిట్‌మెంటును, అంటే కొత్త స్కేలుకు మారేటప్పుడు పాత బేసిక్ మీద ఇచ్చే పెంపును, కలిపితే 32,565 వస్తుంది. స్కేలులో దాని పై మెట్టు 32,670. ఆ పీఆర్సీకి, అంటే వేతన సవరణకు, ముందు 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న మాకు అంతకంటే తక్కువ ఫిట్‌మెంటు ఇచ్చారు. 2015లో అది 43 శాతం ఉండేది. అందుకే 2022 ఫిబ్రవరి 3న వేలాది మందిమి నిరసన తెలపడానికి విజయవాడ వెళ్లాం. ఆ తరువాత అద్దె భత్యం శ్లాబులు కొంత సవరించారు కానీ ఫిట్‌మెంటు మారలేదు. ఫిట్‌మెంటులో తగ్గిన శాతం ఆ ఏటితో పోయేది కాదమ్మా. ప్రతి ఇంక్రిమెంటూ, ప్రతి కరువు భత్యమూ తగ్గిన ఆ బేసిక్ మీదే లెక్కిస్తారు. 2023 జూలై నుంచి రావలసిన కొత్త స్కేళ్లు ఇంకా రాలేదు.

అక్టోబరులో చేరావు కనుక ఏటా అక్టోబరు ఒకటిన నీకు ఇంక్రిమెంటు వస్తుంది. పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో ఉండిపోతే 6, 12, 18, 24 ఏళ్లకు పై స్కేళ్లు ఇస్తారు. అయితే పన్నెండేళ్ల స్కేలుకు పదోన్నతికి కావలసిన అర్హతలు ఉండాలి, కాబట్టి బీఈడీ వివరాలు ఇప్పుడే నమోదు చేయించుకో. స్కూల్ అసిస్టెంటువి అయిన రోజున, వేతన స్థిరీకరణ ఆ తేదీ నుంచా, తరువాతి ఇంక్రిమెంటు తేదీ నుంచా అన్న ఆప్షన్ నెల లోపల ఇవ్వాలి.

నా విషయం ఒకటి నీకు ఇంతవరకు చెప్పలేదు. 1984లో నెలకు 398 రూపాయల స్పెషల్ టీచరుగా చేరాను. అప్పట్లో మమ్మల్ని ఆ అంకెతోనే పిలిచేవారు. రెగ్యులర్ స్కేలులోకి వచ్చాక ఒక కార్యాలయంలో నా పద్దెనిమిదేళ్ల స్కేలు ఉత్తర్వు ప్రకారం డబ్బు డ్రా చేశారు గానీ సర్వీసు రిజిస్టరులో ఆ నమోదు రాయలేదు. నేనూ చూసుకోలేదు. 2024లో పదవీ విరమణ చేసినప్పుడు పింఛను కాగితాలు ఆ ఒక్క పంక్తి కోసం ఏడు నెలలు ఆగిపోయాయి. ఆ నెలల్లో ఇల్లు ఎలా గడిచిందో మీ అమ్మకు తెలుసు.

నాకైతే చివరి బేసిక్‌లో సగం పింఛనుగా వస్తోంది, కరువు భృతి దాని మీద పెరుగుతోంది. 2004 సెప్టెంబరు 1న, ఆ తరువాత చేరినవారికి ఆ హామీ లేదు. నువ్వు కట్టే పదో వంతుకు ప్రభుత్వం అంతే కలుపుతుంది, ఆ సొమ్ము మార్కెట్టులో పెరుగుతుంది, విరమణ నాడు అందులో కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే క్రమంగా పింఛను ఇచ్చే పథకం, కొనాలి. ఒకే బడిలో ఒకే పాఠం చెప్పిన తండ్రీ కూతుళ్లకు వృద్ధాప్యం రెండు రకాలుగా ఉండడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. సంఘం ఈ మాట అడిగినప్పుడు నువ్వు వెనక్కి ఉండకు.

ప్రస్తుతానికి మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి వెళ్లి నీ సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ చూసి రా. పుట్టిన తేదీ, చేరిన తేదీ పూర్వాహ్నమా అపరాహ్నమా, ప్రాన్ నంబరు (నీ పింఛను ఖాతా సంఖ్య), నామినీ పేరు, ఈ నాలుగూ సరిగా ఉన్నాయో లేవో చూసి, ఒక నకలు తీసి నాకు పంపు. నా దగ్గర దానికి ఒక ఫైలు కట్టి పెట్టాను.

ఇట్లు,
మీ నాన్న