1,100 ఏళ్ల లీజు

ఒరేయ్ బావా,

పోయిన ఆదివారం మావాడు కారెక్కించి చికాగోకి ఉత్తరంగా గంటపైన తీసుకెళ్లాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున జాయన్ అని ఒక ఊరు. మన తెలుగు బైబిల్లో సీయోను, వీళ్ల నోట జాయన్. సరస్సంటే కొల్లేరు అనుకునేవు, అవతలి ఒడ్డు కనపడదు, అచ్చం పేరుపాలెం బీచే, కాకపోతే నీళ్లు ఉప్పగా ఉండవు.

వీధి బోర్డులు చదువుతుంటే సండే స్కూల్లో అటెండెన్స్ పిలిచినట్టుంది. గబ్రియేలు, ఎలీషా, యెహెజ్కేలు! జాన్ అలెగ్జాండర్ డౌవీ అనే పాస్టరు, స్కాట్లాండులో పుట్టి ఆస్ట్రేలియా మీదుగా వచ్చినవాడు, ప్రార్థనతో రోగాలు నయం చేస్తానని పేరు తెచ్చుకుని, 6,000 ఎకరాల పైన కొని 1901లో ఈ ఊరు కట్టాడు. సారాయి లేదు, పొగ లేదు, పంది మాంసం లేదు, డాన్సు లేదు, ఆఖరికి డాక్టరు కూడా లేడు. నువ్వయితే చుట్ట కోసం మొదటి రాత్రే గోడ దూకేవాడివి.

అసలు విషయం ఇది. స్థలాలు అమ్మలేదురా, లీజుకిచ్చాడు, అదీ 1,100 ఏళ్లకి! క్రీస్తు వచ్చేదాకా ఓ వంద, వచ్చాక ఆయన ఏలుబడి ఓ వెయ్యి, అదీ లెక్క. మనవైపు రెండేళ్ల కౌలు కాగితం రాయాలంటేనే చేతులు వణుకుతాయి. ఈయనేమో నేనే ఏలీయానని ప్రకటించుకుని, 25 గదుల ఇల్లు కట్టుకుని, అయిదేళ్లు తిరక్కుండా అప్పుల్లో మునిగాడు. పక్షవాతం వచ్చి మంచాన పడితే, తన కింద పనిచేసిన వొలీవాయే 1906లో దించేశాడు. ఆ మరుసటేడే డౌవీ పోయాడు.

వొలీవా ఇంకా ఘనుడు. భూమి బల్లపరుపు అనేవాడు, కాదని రుజువు చేస్తే 5,000 డాలర్లిస్తానన్నాడు. రుజువైందో లేదో తేల్చేది ఆయనే, ఇక డబ్బెక్కడొస్తుంది!

సరస్సు ఒడ్డునే అణు విద్యుత్ కేంద్రం ఉండేది, 1998లో మూసేశారు. వాడేసిన ఇంధనం మాత్రం ఇంకా అక్కడే ఉంది. లీజులైతే ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ 1,100 ఏళ్లూ దాటి ఉండేది ఇదే అని మావాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అన్నట్టు, డౌవీ ఇంగ్లండు నుంచి పనివాళ్లను రప్పించి ఇక్కడ లేసు ఫ్యాక్టరీ పెట్టించాడట. మన నరసాపురానికి లేసు తెచ్చిందీ స్కాట్లాండు మిషనరీలే కదా! ఇక్కడ మిషన్లు, మనకి అరుగుల మీద ఆడవాళ్ల చేతులు. మీ అమ్మగారు అల్లిన ఆ టేబుల్ గుడ్డ ఉందా? ఉంటే ఫోటో పెట్టు, మావాడు నమ్మట్లేదు.