పెద్ద గళ్ళ బొంతలు సంక్రాంతి దాటాకే, ఎందుకో చెప్తాను

ధనుర్మాసం లోపల చేతికిస్తానని అడ్వాన్సు తీసుకున్న పెద్ద గళ్ళ బొంతలు ఆ టైముకు రావు. సింగిలైనా డబులైనా సంక్రాంతి దాటాకే. పిల్లల బొంతలకు, మీ ఇంటి చీరలు తెచ్చిచ్చి కుట్టించుకుంటున్నవాళ్లకు ఈ ఆలస్యం లేదు, వాళ్లవి చెప్పిన రోజుకే ఇస్తాను. మిగతావాళ్లకు ఫోన్లు చేసి ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చెప్పడం నాకిష్టం లేదు, అందుకే జరిగింది జరిగినట్టు అందరికీ ఒకేసారి రాస్తున్నాను. కావలి, బుచ్చి, కందుకూరు నుంచి కూడా ఏళ్ల తరబడి మా దగ్గరే తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు. నెల్లూరు మూలాపేటలో మా కొట్టు దాకా బస్సెక్కి వచ్చి వట్టి చేతులతో వెనక్కి పోకూడదు.

మొన్న ఒకావిడ అడిగింది, "పెద్దపెద్ద ముక్కలే కదమ్మా, టకటకా అతికేస్తారు, ఇన్నాళ్లు దేనికి?" అని. అడగడంలో తప్పేం లేదు, త్వరగా అవుతాయని చెప్పుకునేది మేమే కదా. నిజంగానే త్వరగా అవుతాయి. మా సింగిల్ బొంత 54 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. అదే కొలత 6 అంగుళాల ముక్కలతో కుట్టాలంటే 135 ముక్కలు కోసి అతకాలి. మా గడి 18 అంగుళాలు కాబట్టి అడ్డానికి మూడు, నిలువుకు అయిదు, 15 ముక్కలతో సరి. సన్న ముక్కల్లో ఒక్కో కుట్టు దగ్గర నూలుపోగంత తేడా వచ్చినా వరుస చివరికొచ్చేసరికి మూలలు కలవవు, విప్పి మళ్లీ కుట్టాలి. పెద్ద గడికి ఆ బాధ తక్కువ, పైబట్ట అతకడం ఒక పూట పని.

అయితే త్వరగా అయ్యేది పైబట్ట వరకే. కింద గుడ్డ, మధ్యలో దూది షీటు, పైన ఈ గళ్ళు, మూడూ కలిపి కుట్టేటప్పుడు గడి పెద్దదైనా చిన్నదైనా పని ఒకటే. మేము నాలుగున్నర అంగుళాలకు ఒక వరుస వేస్తాం. గడి పెద్దది కదా అని మధ్యలో కుట్టకుండా వదిలేశారంటే నాలుగు ఉతుకులకే దూది జారి ఒక మూలకు చేరుతుంది, అక్కడ గడ్డ కడుతుంది, మిగతా చోట ఉత్త గుడ్డ మిగులుతుంది. బజార్లో తక్కువ రేటుకు దొరికేవాటిలో చాలావరకు ఇదే జరుగుతుంది. చేత్తో తడిమి చూస్తే తెలిసిపోతుంది.

ఈసారి పని ఆగిపోయింది మాత్రం బట్ట దగ్గర.

మేము వాడేది 44 పన్నా కాటన్, అంటే బట్ట వెడల్పు 44 అంగుళాలు. 18 అంగుళాల గడికి నాలుగు వైపులా పావంగుళం కుట్టుకు వదలాలి, అంటే 18న్నర కోయాలి. పక్కపక్కన రెండు ముక్కలు కోస్తే 37 అంగుళాలు. మిల్లు బట్టకు రెండంచులా సన్నటి సూది బెజ్జాలు వరసగా ఉంటాయి, ఎప్పుడైనా వెలుతురుకు పెట్టి చూడండి. ఆ అంచు బొంతలో పడితే ముందు అక్కడే చినుగుతుంది, అందుకని రెండు పక్కలా అర అంగుళం తీసేస్తాం. ఇంకా కోయకముందే తానంతా తడిపి ఆరేస్తాం, కాటన్ నూటికి మూడు నుంచి అయిదు దాకా ష్రింక్ అవుతుంది. ఇవన్నీ పోగా 44లో 41 అంగుళాలు అటూఇటూగా మిగులుతుంది. రెండు గళ్ళు కోశాక మిగిలే నాలుగంగుళాల పట్టీ బొంత చుట్టూ అంచు కట్టడానికి వస్తుంది. సింగిల్ బొంత పైబట్టకు నాలుగు మీటర్లు చాలు, పేలికంత గుడ్డ కూడా వృథా పోదు. మేము ఈ రేటుకు ఇవ్వగలుగుతున్నదే ఈ లెక్క వల్ల.

మాకు బట్ట తెప్పించే టోకు వ్యాపారి ఒకరున్నారు. పేరు చెప్పను. మొదట్నుంచీ ఆయన దగ్గరే తీసుకుంటున్నాం, డబ్బులు ఒక్కసారి కూడా ఆపలేదు, ఈసారైతే సగం పైన ముందే కట్టాం. ఆషాఢంలో ఆర్డరు పెట్టాం, శ్రావణంలో ఇస్తానన్నాడు. శ్రావణమని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. మన నెల్లూరుకు వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, ఆ లోపల ఎండ ఉండగానే తాన్లన్నీ తడిపి ఆరేసి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టేసుకుంటే ఆ తర్వాత ఎంత ముసురు పట్టినా ఇంట్లో కూర్చుని కుట్టుకోవచ్చు. ఇది ఆయనకు తెలుసు. ప్రతి ఏడూ చెప్తూనే ఉన్నాను. శ్రావణం పోయింది, వినాయక చవితి పోయింది, ఫోన్ చేసినప్పుడల్లా "లోడు బయల్దేరిందమ్మా" అన్నాడు. దసరా వెళ్లాక మూటలు దిగాయి.

మూట విప్పి మొదటి తాను బల్ల మీద పరిచినప్పుడే బల్ల అంచుకు బట్ట అందలేదు. టేపు పెట్టాను, 36. చేత్తో సాపు చేసి ఇంకోచోట పెట్టాను, 36. తక్కిన తాన్లు కూడా అన్నీ అంతే. తాను మీద అంటించిన చీటీలో మాత్రం 44 అని నల్ల ఇంకుతో రాసుంది. ఆ చీటీలు తీసి దాచిపెట్టాను.

ఫోన్ చేస్తే ఆయన అన్నమాట ఇది: "బొంతేగదమ్మా, కప్పుకుని పడుకునేదానికి కొలతలు ఎవరు చూస్తారు? రెండంగుళాలు తగ్గించి కోసుకోండి."

డబ్బు ఇరుక్కుపోయినందుకు వచ్చిన కోపం ఒక ఎత్తు, ఈ మాటకు వచ్చిన బాధ ఒక ఎత్తు. మా అత్త ఈ వయసులో కూడా కళ్లద్దాలు పెట్టుకుని మూలల దగ్గర కుట్టు చేత్తోనే వేస్తుంది. పాత చీరలు అయిదారు పొరలు వేసి కుట్టే మన ఊళ్ల బొంత దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. ఆమె కుట్టు వెనక్కి తిప్పి చూసినా ముందువైపులాగే ఉంటుంది. బొంతేగదా అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు, కొన్నవాళ్లు కూడా అనుకోలేదు కాబట్టే ఇన్నేళ్లు నడిచింది.

ఆ తర్వాత ఏం చేయాలన్నదే నాకు నిద్ర లేకుండా చేసింది. 36లో అంచులు, ష్రింకేజీ పోతే 34 మిగిలితే గొప్ప. 18న్నర ముక్కలు రెండు రావు. ఒక్కటే కోసుకుంటే పక్కన పదిహేను అంగుళాల గుడ్డ మిగిలిపోతుంది, నాలుగు మీటర్లతో అయ్యేదానికి ఏడు మీటర్ల పైన పడుతుంది, ఆ ఖర్చు మీ మీద వేయలేను, నేను మోయలేను. గడి మధ్యలో అతుకు వేస్తే బట్ట సరిపోతుంది కానీ పెద్ద గడికి ఉన్న అందమే అతుకు లేకపోవడం. మామిడిపిందె గుత్తి గానీ, పెద్ద పువ్వు గానీ ముక్కలు కాకుండా మొత్తం కనపడాలనే కదా పెద్ద గడి. అదీ వద్దనుకున్నాను.

ఇక మిగిలింది 17 అంగుళాలకు కోయడం. కుట్టుకు పోగా గడి 16న్నర వస్తుంది, బొంత 49న్నర వెడల్పు, 82న్నర పొడవు అవుతుంది. అంటే పొడవులో ఏడున్నర అంగుళాలు తగ్గినట్టు. అప్పుడు మా ఆయన ఒక మాట చెప్పాడు: చుట్టూ వేరే రంగు పట్టీ వేద్దాం, కొలత 54కి 90 వచ్చేస్తుంది, కొత్త మోడల్ అని చెప్దాం, అందరికీ నచ్చుతుంది కూడా. ఆయన చెప్పింది లెక్క ప్రకారం తప్పేం కాదు. లెక్కలు చూసుకునేది ఆయనే, ఆ బట్ట మీద ఎంత డబ్బు కూర్చునుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఒకటి కుట్టి కూడా చూశాను. నీలం గళ్ళకు తేనెరంగు పట్టీ వేశాను, బాగానే కుదిరింది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. అందుకే అన్నాళ్లు తేల్చుకోలేకపోయాను.

కానీ మీలో కొందరు పోయినేడు పెద్దపాపకు ఒకటి తీసుకుని, ఈ ఏడు చిన్నపాపకు అచ్చం అలాంటిదే కావాలని ఆ బొంత ఫోటో పెట్టి మరీ అడిగారు. రెండు మంచాలు పక్కపక్కనే వేసుంటాయి. ఒకదానికి పద్ధెనిమిది గడి, ఇంకోదానికి పదహారున్నర గడి, చుట్టూ పట్టీ. పిల్లలు అడుగుతారు, నాది ఎందుకు వేరేగా ఉంది అని. వాళ్లమ్మ నన్ను అడుగుతుంది. అప్పుడు నేను కొత్త మోడల్ అండీ అని చెప్పాలి. ఎవరో పంపిన తక్కువ పన్నా బట్టను సర్దుకోవడానికి వేసిన పట్టీకి నేను మోడల్ అని పేరు పెట్టి మీ చేతికివ్వాలి. ఆ మాట నా నోటినుంచి రాదు. ఎప్పుడన్నా పట్టీ బొంతలు కుట్టాలనిపిస్తే మంచి బట్టతో, కావాలని కుడతాను, అప్పుడు చెప్తాను కొత్త మోడల్ అని.

బట్ట మొత్తం తిప్పి పంపేశాను. మొండితనం అనుకున్నా ఫర్వాలేదు. కట్టిన డబ్బు ఇవ్వకుండా, దానికి బదులు వేరే సరుకు తీసుకోమని ఆయన ఇప్పటికీ అంటున్నాడు. నాకు ఆయన సరుకు వద్దు, నా డబ్బే కావాలి, వచ్చేదాకా అడుగుతాను. ఇకమీదట ఆ కొట్టు గడప తొక్కేది లేదు.

కొత్త బట్ట చిన్నబజారులో ఇంకొకరి దగ్గర చెప్పాం. ఈసారి ఫోన్లో కాదు, నేనే టేపు తీసుకెళ్లి తాను తాను కొలిచి తెచ్చుకున్నాను. నిఖార్సయిన 44. ఒక్కో తాను అంచు నుంచి దారం లాగి కాల్చి చూశాను కూడా. కాటన్ దారం కాయితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిదైపోతుంది, పాలియెస్టర్ కలిసిందైతే కరిగి చివర గట్టి గింజలా మిగులుతుంది, వేళ్లతో నలిపినా నలగదు. ఇందులో గింజ కట్టలేదు. మీటరుకు పాత రేటు కంటే ఎక్కువే పడింది.

బట్ట చేతికొచ్చిందిగా, ఇంకా ఆలస్యం ఎందుకంటే వాన. కార్తీకం మొదలైన దగ్గర్నుంచి ఆకాశం ఎలా ఉందో మీరు చూస్తూనే ఉన్నారు. తడిపిన తాను రెండు రోజులైనా ఆరదు, ఫ్యాను కింద ఆరేస్తే ముక్కిన వాసన పట్టుకుంటుంది. తడపకుండా కుట్టేయొచ్చు కదా అంటారేమో. కుట్టొచ్చు. మీరు ఇంటికి తీసుకెళ్లి మొదటిసారి ఉతికాక పైబట్ట ఒక లెక్కన, దూది షీటు ఒక లెక్కన ముడుచుకుని బొంతంతా ముడతలు పడుతుంది, ఎరుపు గడి రంగు పక్కనున్న తెల్లగడికి దిగుతుంది. అలా ఇవ్వను. ఎండ తగిలినప్పుడల్లా ఒక తాను, రెండు తాన్లు కానిస్తున్నాం, అందుకే సంక్రాంతి దాటుతుందని చెప్తున్నాను. ముందే అయితే ముందే ఫోన్ చేస్తాను.

రేటు పెంచడం లేదు. సింగిల్ 2,400 అని ఎవరికి చెప్పానో వాళ్లకు 2,400కే. డబుల్ కొలత 90కి 108 అంగుళాలు, గళ్ళు 30, దానికీ చెప్పిన రేటే. సంక్రాంతి తర్వాత వచ్చే కొత్త ఆర్డర్లకు మాత్రం రేటు కొంచెం మారుతుంది, ఎంతన్నది అప్పుడు చెప్తాను.

పిల్లల బొంతలకు ఆలస్యం ఎందుకు లేదంటే వాటికి ఆరు గళ్ళే, 36కి 54. పోయినేడు తాన్లలో మిగిలిన తడిపిన బట్ట ఉంది, అది వాళ్లకే అట్టిపెట్టాను. పెద్దవాళ్ల ఆర్డర్లు కొన్ని దాంతో తేల్చేయమని ఇంట్లో అన్నారు. కాన్పు తేదీలు చూసుకుని అడిగినవాళ్లున్నారు, వాళ్లది తీసి ఇంకొకరికి వేయడం నాకు మనసొప్పలేదు. చీరలు ఇచ్చినవాళ్లవి కూడా నడుస్తున్నాయి, చీర పన్నా రెండు గళ్ళకు చక్కగా సరిపోతుంది, వాటికి అడుగున వేసే గుడ్డ ముందే కొనిపెట్టుకున్నాం.

పండక్కి కూతురూ అల్లుడూ వస్తున్నారని, అంతలోపల కావాలని తీసుకున్నవాళ్ల గురించే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. కొట్లో చూపించడానికి పెట్టిన డబుల్ బొంతలు రెండు ఉన్నాయి. ఉతికి ఇస్తాను, పండగ నాలుగు రోజులూ వాడుకోండి, మీ బొంత తయారయ్యాక అవి వెనక్కి ఇచ్చేయండి, దీనికి డబ్బులేమీ వద్దు. రెండే ఉన్నాయి కాబట్టి ముందు అడిగినవాళ్లకు.

ఆగలేనివాళ్లు అడ్వాన్సు వెనక్కి అడగడానికి మొహమాటపడొద్దు. పూర్తిగా ఇస్తాను, ఒక్క రూపాయి పట్టుకోను. ఫోన్లో పంపినవాళ్లకు అదే నంబరుకు వేస్తాను, చేతికిచ్చినవాళ్లు కొట్టుకు వస్తే చాలు. రశీదు పోయినా ఏం కాదు, ఎవరు ఎంతిచ్చారో మా పుస్తకంలో ఉంది. సాయంత్రం అయిదు తర్వాత నేనే ఉంటాను, పొద్దున పూటైతే మా అత్త ఉంటుంది, ఆమెకూ చెప్పి ఉంచాను. ఆదివారాలు కొట్టు ఉండదు.