విద్యాశాఖ మంత్రి గారికి: మా పిల్లలకు సైన్సు కథలు రాయించండి

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

హనుమకొండ నుంచి ఒక ప్రభుత్వ హైస్కూల్ సైన్సు టీచరు నమస్కరించి రాస్తున్న ఉత్తరం ఇది. బడులకు గదులు, ల్యాబులు, టీవీ తెరలు అడిగేవాళ్లు ఉన్నారు. అవీ కావాలి. నేను అడుగుతున్నది కథలు. సైన్సును అర్థం చేయించే కథలు, మన ఊళ్లలో జరిగేవి, మన పిల్లలు మాట్లాడుకునే తెలుగులో ఉండేవి. వాటిని రాయించే పని మీ శాఖ చేపట్టాలి.

లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందని మా పిల్లలు గడగడా అప్పజెప్తారు. పాకాల చెరువు కట్ట పైన సన్నగా, అడుగున అంత వెడల్పుగా ఎందుకుందని అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు. కథ అక్కరకొచ్చేది ఇక్కడే. వానాకాలం, రాత్రి, చెరువు నిండి మత్తడి దుంకుతోంది. కట్ట అడుగున ఒకచోట నీళ్లు ఊరుతున్నాయి. కట్ట పైన మట్టి పోసి ఎత్తు పెంచుదామని ఊరివాళ్లు పరుగెడుతుంటారు. చెరువు నీళ్లు చూసుకునే నీరటి కూతురు మాత్రం ఇసుక బస్తాలు అడుగున వేయాలంటుంది. ఎవరూ వినరు. ఆ పిల్ల ఎలా ఒప్పిస్తుంది? అదే కథ. పీడనం సంగతి తీసేస్తే అందులో ఏమీ మిగలదు. మంచి సైన్సు కథకు నేను పెట్టుకున్న పరీక్ష అదొక్కటే.

సైన్సు కథల పేరుతో ఇప్పుడు వస్తున్నవాటిలో చాలావరకు ఒక తాతయ్య ఉంటాడు, ఇద్దరు మనవలు ఉంటారు. ‘వాన ఎందుకు పడుతుంది తాతయ్యా?’ అనడమే ఆలస్యం, రెండు పేజీల ఉపన్యాసం. చేదు మాత్రకు బెల్లం పూసినట్టు ఉంటుంది. పిల్లలు బెల్లం నాకి మాత్ర ఊసేస్తారు. కథలోని పిల్లలు ముందు ఏదో ఒకటి ఊహించాలి, ఆ ఊహ తప్పని తేలాలి, మళ్లీ చేసి చూడాలి. జవాబు చెప్పే పెద్దమనిషి లేకపోతేనే మేలు.

శాస్త్రజ్ఞుల చూపు కూడా పడాలి. నీళ్ల సీసాకు పైనుంచి కిందికి మూడు రంధ్రాలు పెడితే అట్టడుగు ధారే అన్నిటికంటే దూరం పోతుందని ఎన్నో బొమ్మల్లో గీస్తారు. కింది ధార వేగం ఎక్కువే. కానీ నిండు సీసాను నేల మీద పెట్టి చూస్తే సగం ఎత్తులో ఉన్న ధారే దూరం పోయి పడుతుంది, ఎందుకంటే కింది ధారకు నేల వెంటనే తగులుతుంది. సీసాను బల్ల మీదికి ఎక్కిస్తే అప్పుడు కింది ధార గెలుస్తుంది. ఈ తేడా తెలియకుండా కథ రాస్తే, ఇంట్లో చేసి చూసిన పిల్ల కథను నమ్మాలా, తన కళ్లను నమ్మాలా?

కథావస్తువుకు మా వైపు కరువు లేదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ దాన్ని అద్భుతం అంటున్నారు. పిల్లలకు అద్భుతం అని చెప్పి ఆపేస్తే అన్యాయం. ఇటుకలో సన్నటి ఖాళీలు ఎలా వచ్చి ఉంటాయి, ఇసుక నింపిన పునాది మీద కట్టేవాళ్లు పైబరువు ఎందుకు తగ్గించాలనుకుంటారు అని వాళ్లనే తవ్వనివ్వాలి. యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి కోటసారస్ ఎముకలు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉన్నాయి. ఆ గోదావరి తీరపు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? భూపాలపల్లి గనుల బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. పత్తి చేనులో లింగాకర్షక బుట్ట ఆడ రెక్కల పురుగు వాసనను అనుకరించి గులాబీ రంగు పురుగుల్లో మగవాటిని పట్టేస్తుంది. ఇంతకన్నా మంచి డిటెక్టివ్ కథ ఉంటుందా!

నిజాం కాలంలో, తెలుగుకు సర్కారు అండ లేని రోజుల్లోనే, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది. 1906లో హైదరాబాద్‌లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్ర గ్రంథాలు అచ్చువేసింది. ఇప్పుడు సొంత రాష్ట్రం ఉంది, శాఖ ఉంది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతోంది. దానితో జిల్లా గ్రంథాలయాలు ఈ పుస్తకాలు కొనవచ్చు.

వచ్చే వేసవి సెలవుల్లో టీచర్లకు శిక్షణనిచ్చే హనుమకొండ డైట్‌లోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఒక రచనా శిబిరం పెట్టించండి. టీచర్లు, కథకులు, చిత్రకారులు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చోవాలి. వచ్చే టీచర్లకు ఓడీ (ఆ రోజులు డ్యూటీ కింద లెక్క) ఇవ్వండి. చిత్రకారులకు తగిన పారితోషికం ఇవ్వండి, బొమ్మ ఉచితంగా రాదు. ములుగు, భూపాలపల్లి పిల్లల కోసం కోయ భాష మాట్లాడేవాళ్లనూ పిలవండి. రాసిన ప్రతి కథనూ అచ్చుకు ముందు ఐదో తరగతి పిల్లలకు చదివి వినిపించాలి. వాళ్లు ఎక్కడ దిక్కులు చూస్తే అక్కడ తిరిగి రాయాలి.

ఇంకొక్క విన్నపం. ఈ కథల చివర ప్రశ్నలు, ఖాళీలు పూరించండి లాంటివి పెట్టవద్దని ఆదేశించండి. పరీక్ష ఉందంటే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది, కథ పాఠమైపోతుంది. పుస్తకాలు చిరిగిపోతాయని బీరువాలో తాళం వేసిన బళ్లు నేను చూశాను. చిరిగితే హెడ్మాస్టర్ల నుంచి డబ్బు రికవరీ ఉండదని అదే ఉత్తర్వులో రాయించండి.

ఇట్లు,
ఒక సైన్సు ఉపాధ్యాయురాలు,
హనుమకొండ