మంచం పక్కన మనిషికీ బీపీ చూడండి

సంపాదకుడు గారికి,

పక్షవాతంతోనో మతిమరుపు జబ్బుతోనో మంచాన పడినవారి ఇంటికి వెళ్లే ఆరోగ్య కార్యకర్త రోగి బీపీ, షుగర్ చూసి రాసుకుంటారు. రాత్రి నాలుగుసార్లు లేచి ఆయన్ను పక్కకు తిప్పే భార్యనో కోడలినో పట్టించుకునే పద్ధతి లేదు. ఆమెకు దక్కేది సలహా: "కోపం తెచ్చుకోకమ్మా, ఓర్చుకో."

ఆ ఓర్పు ఒంటికి ఏం చేస్తుందో కొలిచినవారున్నారు. 1995లో అమెరికాలోని ఒహాయోలో మతిమరుపు రోగుల బాగోగులు చూసే 13 మంది ఆడవాళ్లకు, అలాంటి బాధ్యత లేని మరో 13 మందికి చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేశారు. మొదటివారికి అది మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. 2004లో శాస్త్రవేత్తలు ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్‌ల బృందం దీర్ఘరోగులైన పిల్లల తల్లులను పరీక్షించింది. సేవ చేసిన ఏళ్లు ఎక్కువైనవారిలో తెల్ల రక్తకణాల క్రోమోజోముల కొసలు (టెలోమియర్లు) పొట్టిగా కనిపించాయి; వయసు పెరిగేకొద్దీ ఇవి పొట్టివవుతాయి. రెండూ చిన్న అధ్యయనాలే, ముసలితనాన్ని ఈ ఒక్క కొలతతో తేల్చలేం. అయినా కొట్టిపారేయలేం.

కోపం మింగితే ముఖం మామూలుగా ఉంటుంది, గుండె దడ మాత్రం తగ్గదు. "విసుగొస్తోంది, భయంగా ఉంది" అని ఒకరితో పైకి అనేస్తే నయం. ఊపిరితోనూ ఉపశమనం ఉంటుంది: ముక్కుతో నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు మెల్లగా వదలాలి, అలా ఐదు నిమిషాలు. చాలామంది రొమ్ము పొంగేలా గబగబా పీలుస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, "మనకిది పడదు" అని మానేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, మంచిదే. ఆరోగ్య కార్యకర్తలు రోగి కోసం ఎలాగూ గడప తొక్కుతున్నారు కాబట్టి పక్కనున్నవారి బీపీ కూడా చూడమని ఆరోగ్య శాఖ ఆదేశించాలి. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిస్తూ చూస్తే అంకె తప్పొస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు నేలకానించి, చేయి గుండె ఎత్తున పెట్టించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. వేర్వేరు రోజుల్లో 140/90 దాటితే పీహెచ్‌సీకి పంపాలి. మనసు బాగోలేనివారికి ఫోన్లో సలహా ఇచ్చేందుకు ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416ను రోగి మందుల చీటీ మీదే అచ్చు వేయించాలి. రేయింబవళ్లు ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇట్లు,
ఆరోగ్య శాఖ విశ్రాంత ఉద్యోగి, తెనాలి