గోల్‌పోస్టు నుంచి కళాశాల మైదానానికి

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ ఆటగాడి జీవితం బూట్లు విప్పడంతో ముగిసిపోతుందనుకునేవారు స్కాట్లాండ్ గోల్‌కీపర్ బాబీ క్లార్క్ గురించి తెలుసుకోవాలని నా మనవి. 1970లో సెల్టిక్‌ను 3-1తో ఓడించి స్కాటిష్ కప్ గెలిచిన అబర్డీన్ జట్టులో ఆడి, మరుసటి సీజన్‌లో వరుసగా 1,155 నిమిషాలు గోల్ పడనివ్వని ఆ మనిషి, 1985లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల కోచ్‌గా చేరారు. తర్వాత కొంతకాలం న్యూజిలాండ్ జాతీయ జట్టును చూసుకున్నా, మళ్లీ విద్యార్థుల దగ్గరికే వచ్చారు. ఆయన శిక్షణలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జట్టు 1998లో అమెరికా కళాశాలల జాతీయ పోటీలో ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. 2001లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి మారిన ఆయన 2013లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆ సంస్థ పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు తొలి జాతీయ టైటిల్ సాధించిపెట్టారు.

కళాశాల జట్టులో నాలుగేళ్లకొకసారి పిల్లలంతా మారిపోతారు. ఎంత తీర్చిదిద్దినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అటువంటి పనికి పన్నెండేళ్ల ఓపిక చూపిన ఆ విశ్వవిద్యాలయాన్నీ మెచ్చుకోవాలి. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఎస్.ఎ. రహీమ్ మన హైదరాబాదువారే. ఆ నగరంలోని విశ్వవిద్యాలయాలైనా మాజీ ఆటగాళ్లను దీర్ఘకాల కోచ్‌లుగా నియమించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాదు