కార్బురేటర్ జెట్ నోటితో ఊదిన అన్నకి

మొన్న ఆదివారం ఉప్పాడ దగ్గర, ఒడ్డుకి రెండు కిలోమీటర్ల దూరంలో మా ఫైబర్ పడవ మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పాత టూ స్ట్రోక్ ఇంజను, మా నాన్న కొన్నది. తాడు లాగి లాగి నాకూ బావకీ చేతులు బొబ్బలెక్కాయి, గాలేమో సముద్రం లోపలికి తోసేస్తోంది, ఒకటే టెన్షన్.

అప్పుడు వల ఎత్తేసి ఇంటికి పోతున్న ఓ అన్న పడవ మా వైపు తిప్పాడు. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పు బాగానే వస్తోంది. "అయితే పెట్రోల్లో నీళ్లు తమ్ముడూ" అంటూ కార్బురేటర్ కింది గిన్నె విప్పి అరచేతిలోకి వంచాడు. పెట్రోలు అడుగున నీటి పూసలు గుండ్రంగా దొర్లుతున్నాయి! జెట్, అదే పెట్రోలు వచ్చే సన్న బెజ్జం ఉన్న ముక్క, నోట్లో పెట్టుకుని ఊదాడు, పెట్రోలు ఉమ్మేసి మళ్లీ ఊదాడు, నాకైతే చూస్తుంటేనే కడుపులో తిప్పింది. మా ట్యాంకు ముట్టుకోవద్దని, ఆయిల్ కలిపిన తన పెట్రోలు క్యానుకే మా పైపు తగిలించాడు. మూడో లాగుడికి అందుకుంది.

డబ్బులిస్తే తీసుకోలేదు. "ట్యాంకు మూతకి కొత్త వాషరు వెయ్యి" అన్నాడంతే. ఒడ్డు చేరేదాకా మా వెనకే నెమ్మదిగా వచ్చాడు, క్యాను తీసుకుని వెళ్లిపోయాడు. కంగారులో పేరు కూడా అడగలేదు.

చాలా థాంక్సన్నా. వాషరు వేశాను.